ఛార్జర్ పెట్టగానే లైటు ఆరిపోయే లాప్‌టాప్: బోర్డు మార్చే ముందు చూడాల్సినవి

మీరు చెప్పింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుంటే సరిచేయండి. నాలుగేళ్ల కిందట కొన్న లాప్‌టాప్. రాత్రి మామూలుగానే షట్‌డౌన్ చేసి పడుకున్నారు. పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఛార్జర్ పిన్ను పెట్టగానే అడాప్టర్ మీది పచ్చ లైటు ఆరిపోతోంది. పిన్ను తీసి, గోడ ప్లగ్గు కూడా తీసి మళ్లీ పెడితే వెలుగుతోంది. షాపులో ఐదు నిమిషాలు చూసి "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, పద్దెనిమిది వేలవుతుంది" అన్నారు. తెలిసినవాళ్లొకరు హీట్‌గన్‌తో బోర్డు కాల్చి చూడమన్నారు. మీ దగ్గర మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ హీట్‌గన్ అటక మీద పెట్టేయండి. వేడి చేస్తే బోర్డు బతుకుతుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 2007, 2008 ప్రాంతంలో కొన్ని రకాల ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పులు లాప్‌టాప్‌లలో వరసగా పోయాయి. 2008 జులైలో ఆ కంపెనీయే వాటి మరమ్మతుల ఖర్చుకని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. లోపం బోర్డు మీది సోల్డర్‌లో కాదు, చిప్పు లోపల సిలికాన్ ముక్కను కింది పలకకు కలిపే బుడిపెల్లో. వేడి తగిలితే ఆ పగుళ్లు కాసేపు కలిసేవి, డిస్‌ప్లే వచ్చేది, నెల తిరక్కుండా మళ్లీ పోయేది. ఆ కాలపు చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. మీ బోర్డులో జరిగింది అది కాదు. కాలిస్తే బాగున్న ప్లాస్టిక్ కనెక్టర్లు కరగడం తప్ప ఏమీ రాదు.

"మదర్‌బోర్డు పోయింది" అనేది రోగం పేరు కాదు. డాక్టరు "మీకు ఒంట్లో బాగాలేదు" అన్నట్టు ఉంటుంది. బోర్డు మీద వందల కొద్దీ భాగాలుంటాయి, అవన్నీ ఒక్క రాత్రిలో పోవు. సాధారణంగా ఒకటి పోతుంది, మిగతావి దాని కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతాయి. ఆ ఒక్కటీ ఏదో కనుక్కోవడమే మన పని. మీ అడాప్టర్ లైటు సగం జవాబు అప్పుడే చెప్పేసింది. దాని లోపల ఒక రక్షణ ఉంటుంది. అవతల ప్లస్సూ గ్రౌండూ నేరుగా కలిసిపోయి ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంటే అది చేతులెత్తేస్తుంది. అంటే మీ బోర్డు మీద ఎక్కడో షార్ట్ ఉంది. నా లెక్కలో ఇది మంచి వార్తే. ఏమీ లాగని బోర్డు కంటే ఎక్కువ లాగే బోర్డులో దొంగను పట్టుకోవడం తేలిక.

స్క్రూలు విప్పాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీయడం. ఛార్జర్ లేకపోయినా బ్యాటరీ నుంచి, చాలా మోడళ్లలో పది వోల్టులకు పైనే, బోర్డు మీద కూర్చుని ఉంటుంది. అది అలా ఉండగానే స్క్రీన్ కేబుల్ పీకి పెట్టి బ్యాక్‌లైట్ ఫ్యూజు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు. రెండో పని మీ ఫైళ్లుండే డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ, తీసి దాచుకోవడం. విడిగా బిగించే రకమైతే చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌లో ఫైళ్లు చూసుకోవచ్చు. అక్కడ అది రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. విండోస్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి ఉంచిందన్నమాట. 48 అంకెల ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండొచ్చు, ఇప్పుడే ఫోన్‌లో లాగిన్ అయి వెతికి కాగితం మీద రాసుకోండి. ఇదెందుకు ముందే చెబుతున్నానంటే, ఆ తాళం పని చూసే టీపీఎం అనే భాగం బోర్డుతో పాటే ఉంటుంది. బోర్డు మార్చేశాక "ఫోటోలు రావట్లేదు" అంటే ఆ కీ తప్ప వేరే దారి లేదు. షాపుల్లో ఈ మాట ముందుగా చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పుడు అడాప్టర్. పిన్ను గాల్లో ఉన్నప్పుడు మీటర్‌లో 19 లేదా 20 వోల్టుల దగ్గర చూపిస్తే సగం పాస్. పూర్తి పాస్ కాదు, ఎందుకంటే బరువు పడగానే, అంటే కరెంటు లాగడం మొదలవగానే, కూలిపోయే అడాప్టర్లూ ఉంటాయి. అదే వోల్టేజీ, అదే పిన్ను ఉన్న ఇంకొకటి ఎవరిదగ్గరైనా అడిగి పెట్టి చూడండి. దాని లైటూ ఆరిపోతే తప్పు అడాప్టర్‌ది కాదు. టైప్ సీ ఛార్జరైతే కథ వేరు. అది ముందు 5 వోల్టులే ఇస్తుంది, బోర్డుతో మాటలు కుదిరాకే 20 దాకా ఎక్కుతుంది. మీది గుండ్రటి పిన్ను అన్నారు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

జాక్ చాలా మోడళ్లలో వైరుతో విడిగా ఉండి బోర్డుకు కనెక్టర్‌తో తగులుతుంది. ఆ కనెక్టర్ తీసి, ఉత్త జాక్‌లో ఛార్జర్ పెట్టండి. అప్పుడూ లైటు ఆరితే షార్ట్ జాక్‌లోనే. బోర్డు మార్చే బదులు చిన్న వైరు ముక్క మార్చి ఇంటికెళ్లొచ్చు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపాల్సినంత చిన్న పని.

జాక్ బాగుంటే అసలు పని మొదలు. బోర్డుకు ఏ కరెంటూ లేకుండా, మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి, నల్ల ప్రోబు స్క్రూ రంధ్రం చుట్టూ ఉండే వెండి రింగు మీద ఆనించండి. అదే గ్రౌండ్. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి చూడండి, 0.2 లేదా 0.3 చూపిస్తుంది. అది వైర్ల సొంత నిరోధం, లెక్కలోంచి తీసేయాలి. ఇప్పుడు ఎర్ర ప్రోబు జాక్ ప్లస్ మీద. బాగున్న బోర్డులో అంకె పైకి పాకుతూ వెళ్లి వేల ఓమ్‌ల దగ్గర ఆగుతుంది. మూడు నాలుగు ఓమ్‌ల దగ్గర కదలకుండా కూర్చుంటే షార్ట్.

జాక్ నుంచి లోపలికి వెళ్తుంటే ఎనిమిది కాళ్ల మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటును వదిలే, ఆపే చిన్న స్విచ్చులు, సాధారణంగా రెండు కనిపిస్తాయి. అవి గేటు దగ్గర కాపలావాళ్లలాంటివి. వాటి తర్వాత కాస్త పెద్ద, నల్లటి, దీర్ఘచతురస్రపు రెసిస్టర్ ఉంటుంది. చాలా బోర్డుల్లో దాని మీద ఆర్010 అని రాసి ఉంటుంది, కొన్నింటిలో ఆర్005 లేదా ఆర్020. బోర్డు ఎంత కరెంటు తాగుతోందో కొలిచేది అదే. మనకు అది మైలురాయి. దాని దాకా వచ్చిందంటే మెయిన్ లైను మీద, అంటే 19 వోల్టులను బోర్డంతా పంచే దారి మీద ఉన్నట్టే. షార్ట్ జాక్ వైపే ఉండి ఈ రెసిస్టర్ దగ్గర రీడింగ్ బాగుంటే, అనుమానితులు నలుగురో ఐదుగురో: జాక్ పక్కనున్న కెపాసిటర్లు, ఉంటే రక్షణ డయోడ్, మొదటి మాస్‌ఫెట్. అలా కాక రెసిస్టర్ దగ్గరే షార్ట్ చూపిస్తే, లైను బోర్డంతా పాకి ఉంటుంది కాబట్టి వెతకాల్సిన మేర పెద్దది. ప్రాసెసర్ సప్లై, ర్యామ్ సప్లై, 3.3 వోల్టులూ 5 వోల్టులూ తయారుచేసే ఐసీ (చిప్పు), ఛార్జింగ్ ఐసీ, స్క్రీన్ బ్యాక్‌లైట్, అన్నీ ఆ చెరువు నీళ్లే తాగుతాయి.

ఇక్కడ ఒక పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. బోర్డు మీద బూడిద రంగు చదరపు డబ్బాల్లా ఉండే కాయిళ్లు కనిపిస్తాయి. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ వెళ్లే తగ్గించిన వోల్టేజీ వీటి గుండానే వస్తుంది. ఒక్కో కాయిల్‌కూ మెయిన్ లైనుకూ మధ్య నిరోధం చూడండి, గ్రౌండ్‌కు కాదు. ఎక్కడైనా సున్నా దగ్గరికి వస్తే ఆ కాయిల్‌కు 19 వోల్టులు అందించే పై మాస్‌ఫెట్ షార్ట్ అయ్యింది. ఒక వోల్టు అటూ ఇటూ తాగే ప్రాసెసర్‌లోకి 19 వోల్టులు వెళ్లే దారి తెరుచుకుందన్నమాట. అది ప్రాసెసర్ కాయిల్ అయితే చిప్పు బతికి ఉండే ఆశ తక్కువ. ఇప్పటి లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క సందర్భంలో షాపువాళ్లు చెప్పిందే నిజం.

దీనికి తోడు కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. ప్రాసెసర్ కాయిల్ నుంచి గ్రౌండ్‌కు కొలిస్తే రెండు మూడు ఓమ్‌లే చూపిస్తుంది, గ్రాఫిక్స్ చిప్పు పెద్దదైతే ఒక ఓమ్ కంటే తక్కువ కూడా. మీటర్ బీప్ కొడుతుంది. అది షార్ట్ కాదు, ఆ చిప్పుల తీరే అంత. ఆ బీప్ విని బాగున్న చిప్పును పీకేసినవాళ్లున్నారు. పేరు చెప్పను, మొదటి ఏడాదిలో నేనూ ఒకడినే.

మాస్‌ఫెట్‌లు బాగున్నాయని తేలితే, మెయిన్ లైను షార్ట్‌కు చాలాసార్లు కారణం ఒక సిరామిక్ కెపాసిటర్. నూకగింజంత ఉంటుంది. బోర్డు కాస్త వంగినా, ఏళ్ల తరబడి వేడీ చల్లదనం మారుతూ ఉన్నా లోపలి పొరలు చిట్లి కలిసిపోతాయి. పైకి ఏమీ కనపడదు. అలాంటివి లైను మీద ఇరవై ముప్ఫై ఉంటాయి, అన్నీ సమాంతరంగా, కాబట్టి దేని మీద ప్రోబు పెట్టినా షార్టే చూపిస్తుంది. ఒక్కొక్కటీ పీకుతూ పోవడం పిచ్చిపని.

నేను చేసేది చెబుతాను. నిరుడు వానాకాలంలో ఒక డిగ్రీ కుర్రాడు అచ్చం మీలాంటి బోర్డే తెచ్చాడు. మెయిన్ లైను మీద 0.8 ఓమ్. వోల్టేజీ, కరెంటు మనకు కావాల్సినంతకే పెట్టుకోగలిగే బెంచ్ పవర్ సప్లైని 1 వోల్టుకు పెట్టి, కరెంటు 2 ఆంపియర్లకు కట్టేసి, నల్ల వైరు గ్రౌండ్‌కు, ఎర్ర వైరు ఆ ఆర్010 రెసిస్టర్‌కు తగిలించాను. సప్లై మీద 1.1 ఆంపియర్ నిలబడింది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బ్రష్‌తో కాయిళ్ల చుట్టూ తడిగా పూసి, టేబుల్ లైటు ఏటవాలుగా పెట్టి, ఫ్యాన్ ఆపి చూస్తూ కూర్చున్నాను. తడి అంతా ఒకేలా మెరుస్తుంటుంది. పది సెకన్లయ్యేసరికి ప్రాసెసర్ కాయిళ్ల పక్కన వరసగా ఉన్న ఆరు కెపాసిటర్లలో నాలుగోదాని నెత్తిమీద మాత్రం మెరుపు పోయి, మట్టిరంగు బయటపడింది. మళ్లీ పూశాను, మళ్లీ అదే ముందు ఆరింది. వేలు పెడితే చురుక్కుమంది. తీసేశాక లైను 40 వేల ఓమ్‌ల పైకి వెళ్లిపోయింది. పక్కన ఐదు సోదరులున్నాయి కాబట్టి అది లేకుండానే ఆన్ చేసి చూశాను, బోర్డు లేచింది. ఆ తర్వాత అంతే విలువ, 25 వోల్టుల రేటింగ్ ఉన్నది పాత డెడ్ బోర్డు మీంచి తీసి వేశాను.

1 వోల్టే ఎందుకంటే, మనకు తెలియకుండా ఎక్కడైనా మాస్‌ఫెట్ పోయి ఉన్నా ప్రాసెసర్‌కు చేరేది దానికి అలవాటైన వోల్టేజీయే. "19 వోల్టుల లైనే కదా" అని 19 ఇచ్చారంటే బాగున్నదాన్ని చేతులారా చంపినట్టు. బెంచ్ సప్లై లేకపోతే పాత మొబైల్ ఛార్జర్లు కోసి ప్రయోగాలు చేయొద్దు. ఈ ఒక్క పనికి సప్లై ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడమే మేలు. సప్లై ఆపాకే కెపాసిటర్ మీద ఐరన్ పెట్టండి. ఆల్కహాల్ పూర్తిగా ఆరనివ్వండి, అది మండుతుంది.

షార్ట్ పోయింది, లైటు నిలబడింది, అయినా బటన్ నొక్కితే ఏమీ లేదనుకుందాం. అప్పుడు చూడాల్సింది వరస. పంక్తి భోజనంలో విస్తరి పరవకుండా పప్పు వడ్డించరు కదా, బోర్డు కూడా అంతే. ముందు 3.3, 5 వోల్టుల స్టాండ్‌బై సప్లైలు, అంటే బటన్ నొక్కకముందే ఉండేవి, రావాలి. వాటిలో 3.3 అందితే ఎంబెడెడ్ కంట్రోలర్, మా వాళ్లు ఐఓ చిప్పు అంటారు, మేలుకుంటుంది. బటన్ పిన్ను మీద సాధారణంగా 3.3 వోల్టులు నిలబడి ఉంటాయి, నొక్కితే సున్నాకు పడాలి. పడకపోతే బటనో, దాని పల్చటి రిబ్బన్ కేబులో పోయింది. బోర్డును తిట్టుకున్న తర్వాత బటన్ అని తేలిన కేసులు తక్కువేం కాదు. బటన్ మాట విన్న ఐఓ చిప్‌సెట్‌కు చెబుతుంది, చిప్‌సెట్ ఒప్పుకుంటే ర్యామ్ సప్లై వస్తుంది. ర్యామ్ డీడీఆర్4 రకమైతే 1.2 వోల్టులు, డీడీఆర్5 అయితే 1.1. చివరగా ప్రాసెసర్ వోల్టేజీ, దాని వెనకే రీసెట్ విడుదల, అంటే ఇక పని మొదలుపెట్టమని ప్రాసెసర్‌కు సైగ. ఏ మెట్టు దగ్గర వోల్టేజీ ఆగిందో, దాని కిందటి మెట్టు దాకా అంతా బాగున్నట్టే. కాయిళ్ల మీద ప్రోబు పెట్టి ఈ మెట్లలో చాలావాటిని ఇంట్లోనే చూడొచ్చు.

చూసేటప్పుడు చెయ్యి వణకకూడదు. తొలి రోజుల్లో ఒక మాస్‌ఫెట్ కాళ్ల మీద ప్రోబు జారి 19 వోల్టుల కాలూ పక్క కాలూ కలిసిపోయాయి. టప్‌మని చిన్న చప్పుడు, అంతే. అప్పటిదాకా రెండొందల రూపాయల రోగం ఉన్న బోర్డు నా పుణ్యమా అని శవమైంది. ఆ కస్టమర్‌కు నేనే వేరే బోర్డు కొనిచ్చాను. అప్పటినుంచి ప్రోబు మొనకు సూది కట్టి, కాయిల్ మీదో పెద్ద కెపాసిటర్ మీదో తప్ప ఐసీ కాళ్ల మీద కరెంటుండగా పెట్టను.

వోల్టేజీలన్నీ ఉండి, ఫ్యాన్ తిరిగి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే ముందు ర్యామ్. ఒక్క స్టిక్కే పెట్టి రెండు స్లాట్లలోనూ చూడండి, బంగారు రంగు పళ్లను రబ్బరుతో తుడవండి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే, ముఖ్యంగా డీడీఆర్5 ఉంటే, కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, మధ్యలో తనంతట తనే రీస్టార్ట్ కావచ్చు. ఓపిక లేక బటన్ పట్టి ఆపేసి "పోయింది" అనుకునేవాళ్లు ఎక్కువ. లైట్లు మినుకుతుంటే లెక్కపెట్టండి. డెల్‌లో రెండు నారింజ, మూడు తెలుపు అంటే ర్యామ్ కనపడలేదని. రెండు, రెండు అంటే బయాస్ గొడవ, అంటే ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం పాడైందని. బయాస్ అయితే హెచ్‌పీలో విండోస్ కీ, బీ కలిపి నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే తనంతట తను బాగుచేసుకునే అవకాశం ఉంది.

అది కుదరకపోతే ఎనిమిది కాళ్ల బయాస్ చిప్పులోకి ఆ ప్రోగ్రాంను ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్లీ రాయాలి. సీహెచ్341ఏ అనే చవక ప్రోగ్రామర్ కొంటారేమో, దాని నల్ల బోర్డు రకంలో డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయన్నది అందరికీ తెలిసిన లోపం. చిప్పు 3.3దా 1.8దా అని పేరు చూసి తేల్చుకోండి. విన్‌బాండ్ చిప్పుల పేరు చివర జేవీ, ఎఫ్‌వీ ఉంటే 3.3, జేడబ్ల్యూ, ఎఫ్‌డబ్ల్యూ ఉంటే 1.8. రాసే ముందు పాతది రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనో కాదో పోల్చి దాచుకోండి. సీరియల్ నంబరు, విండోస్ లైసెన్స్ కీ అందులోనే ఉంటాయి. ఎవరిదో బయాస్ దించుకుని గుడ్డిగా రాస్తే మీ లాప్‌టాప్ ఇంకొకరి పేరుతో లేస్తుంది.

మీరు కాకినాడ అన్నారు కాబట్టి ఇంకో మాట. సముద్రపు గాలికి బోర్డు మీద పచ్చటి చిలుము రావడం మన తీరంలో మామూలే. బోర్డు బయటికి తీశాక ముందు భూతద్దంతో జాక్ చుట్టూ, ఫ్యాన్ గాలి లోపలికి పీల్చే చోటా చూడండి. చిలుము కానీ, చచ్చిన చీమలు కానీ కనిపిస్తే మీటర్ తీయకముందే ఆల్కహాల్‌తో మెత్తటి పళ్ల బ్రష్ వేసి కడిగి ఆరబెట్టండి. చీమల గూడు తుడిస్తే లేచిన బోర్డులు రెండు చూశాను నేను.

జాక్ దగ్గరా, ఆర్010 దగ్గరా మీకు వచ్చిన ఓమ్‌లు రాయండి. బోర్డు మీద తెల్ల అక్షరాల్లో ముద్రించిన నంబరు కూడా కావాలి, లాప్‌టాప్ మోడల్ పేరు సరిపోదు. బ్రాండు ఏదైనా బోర్డు చేసేది వేరే కంపెనీ. ఎల్ఏతో మొదలైతే కాంపల్‌ది, డీఏ0 అయితే క్వాంటాది. ఆ నంబరుంటే స్కీమాటిక్, అంటే బోర్డు సర్క్యూట్ పటం వెతికి, ఏ కాయిల్ దేనిదో చెబుతాను. ఈలోపు ఆ ఛార్జర్‌ను మళ్లీ మళ్లీ పెట్టి లైటు వెలుగుతుందేమోనని చూడకండి.